సర్దిచెప్పడం

సాయంత్రం భోజనాల గంట మోగి, పిల్లలంతా బారులు తీరి కూర్చున్నాక, బొంగరం తన పళ్ళేన్ని గచ్చుకేసి కొట్టడం మొదలుపెట్టాడు. వడ్డించమని కాదు, వడ్డించింది బాగాలేదనీ కాదు. ఒక్కో దెబ్బకీ ఒకే ప్రశ్న అడుగుతున్నాడు. "అమ్మని ఎందుకు రానివ్వలేదు? అమ్మని ఎందుకు రానివ్వలేదు?"

బొంగరం వాడి అసలు పేరు కాదు. పన్నెండో పదమూడో ఏళ్ళుంటాయి. కాలు ఒకచోట నిలవదు, వరసలో నిలబెడితే తన చుట్టూ తనే తిరుగుతాడు, అందుకని తోటిపిల్లలు పెట్టిన పేరది. ఫోన్ల దుకాణం తాళం పగలగొట్టినవాళ్ళకి వీధి చివర కాపలా కాశాడని పట్టుకొచ్చారు. పగలగొట్టినవాళ్ళు ఇంకా దొరకలేదు. కాపలా కాసినవాడు మాత్రం దొరికాడు, ఇక్కడున్నాడు.

హాలు గుమ్మంలో నిలబడి సూపర్‌వైజరు ఇదంతా చూస్తోంది. ఈ బాలుర సంస్కరణ గృహంలో కాపలావాళ్ళందరి మీదా ఆవిడే పెద్ద. వచ్చి నెల తిరగలేదు. అంతకుముందు ఒక పెద్దాసుపత్రిలో గార్డుల మీద ఇదే ఉద్యోగం చేసింది. అక్కడ రోగుల తాలూకు మనుషులు డాక్టర్ల మీదికి ఎగబడుతుంటే, మధ్యలో నిలబడి నాలుగు మంచి మాటలు చెప్పి పంపించడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. గొంతు పెంచకుండా పని జరిపించగలదని ఆవిడకి పేరు. ఆ పేరంటే ఆవిడకీ ఇష్టమే.

ఆ రోజు మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది. స్నానాల గది గొళ్ళెం ఊడిపోయింది. ఒక గార్డు చెప్పాపెట్టకుండా మానేశాడు. పిల్లల్ని చూసిపోయే రోజును ఎల్లుండికి మార్చిన సంగతి ఇళ్ళవాళ్ళకి చెప్పాలన్న ధ్యాస ఆఫీసులో ఎవరికీ లేకపోయింది. వచ్చిన తల్లుల్ని వచ్చినట్టే గేటు దగ్గర వెనక్కి తిప్పారు. బొంగరం మెట్ల దగ్గరి కిటికీలోంచి తన తల్లి తిరిగి వెళ్ళిపోవడం చూశాడు.

జమేదారు వచ్చి పక్కన నిలబడ్డాడు. గార్డులందరిలోకీ పాతవాడు, రేపో మాపో రిటైరయ్యే మనిషి. నోట్లో నాలుక లేనట్టుంటాడు. ఉతికి మడతపెట్టిన తెల్ల తువ్వాలు ఎప్పుడూ భుజాన ఉంటుంది. ఇన్నేళ్ళలో ఆయన ఒక్క పిల్లాడి మీద కూడా అరవగా విన్నవాళ్ళు లేరని మొదటిరోజే ఎవరో చెప్పారు. అది విని సూపర్‌వైజరు, అమ్మయ్య, నాకు తగ్గ మనిషే దొరికాడు అనుకుంది.

"వీడి సంగతేం చేద్దామమ్మా?" అని జమేదారు మెల్లగా అడిగాడు.

"పాపం, అమ్మ మీద బెంగ. కాస్త సర్దిచెప్పండి. రేప్పొద్దున నేనొచ్చేసరికి ఈ గోల ఉండకూడదు."

"సర్దిచెప్తామమ్మా. మీరు నిశ్చింతగా వెళ్ళండి."

జమేదారు భుజం మీది తువ్వాలు తీసి చేతికి చుట్టుకున్నాడు. చెమట తుడుచుకోడానికనుకుందావిడ. తాళాలగుత్తి అప్పగించి, సంచీ భుజాన వేసుకుని బస్సు కోసం పరుగెత్తింది.

మర్నాడు పొద్దున తనిఖీ. పిల్లలు ఎవరి మంచం కాళ్ళదగ్గర వాళ్ళు చేతులు ముందుకి చాపి నిలబడ్డారు. గార్డులు పరుపుల కుట్లు వేళ్ళతో నొక్కుతూ పోతున్నారు. అరగదీసిన చెంచా కాడలు, అగ్గిపుల్లలు అక్కడే దొరుకుతాయి. దిండు దులిపి, చెప్పుల అడుగులు తిప్పి చూసి, సబ్బు ముక్కల్ని కూడా విరిచి చూడాలి. సూపర్‌వైజరు వాళ్ళ వెనకే నడుస్తోంది. కొత్తగా చేరిన గార్డు, అందరూ పొడుగ్గాడు అని పిలిచేవాడు, కుట్లు నొక్కకుండా పైపైన నిమిరి వదిలేస్తుంటే ఆపి మళ్ళీ చేయించింది.

బొంగరం మంచం దగ్గరికొచ్చేసరికి ఆవిడ ఆగింది. వాడు తిరగడం లేదు. గోడకి కొట్టిన మేకులా నిలబడ్డాడు. దుప్పటి మడతపెట్టమంటే, ఒక కొస గడ్డం కింద నొక్కిపట్టి, ఇంకో కొస ఎడమచేత్తో లాగి, ఎలాగో మడిచాడు. ఆ మడవడం చూసి ఆవిడకి నవ్వొచ్చింది. బద్ధకం, కుడిచెయ్యి కదపడానికి కూడా బద్ధకం అనుకుంది.

"ఏరా, అలక తీరిందా?"

"తీరింది మేడం."

"అమ్మ రేపొస్తుందిలే."

"సరే మేడం."

కిందటి సాయంత్రం అంత రభస చేసినవాడు ఒక్క రాత్రిలో ఇంత బుద్ధిమంతుడయ్యాడంటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఆవిడకీ వేసింది. వరండాలో టీ తాగుతూ జమేదారుతో ఆ మాటే అంది. "భలే సర్దిచెప్పారండీ. ఏం మంత్రం వేశారో గానీ."

ఆయన సిగ్గుపడ్డాడు. "మనదేముందమ్మా. అలవాటైన పనే."

పొడుగ్గాడు పక్కనే నిలబడి మెడలోని విజిల్ తాడు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నేల చూస్తున్నాడు. పొద్దున పరుపుల దగ్గర చీవాట్లు తిన్నందుకు మొహం మాడ్చుకున్నాడనుకుందావిడ. లేచి వెళ్తూ, "ఆ చివరి గదిలో ఇద్దరు కొట్టుకుంటున్నారట. వాళ్ళకీ ఓసారి సర్దిచెప్పండి" అంది.

"అలాగేనమ్మా," అన్నాడు జమేదారు.

మూడోరోజు తల్లులొచ్చారు. పొడవాటి బల్లకి ఇటు పిల్లలు, అటు ఇళ్ళవాళ్ళు. బొంగరం తల్లి ఒక హోటలుకి దుప్పట్లు ఉతుకుతుంది. రోజంతా సబ్బునీళ్ళలో నాని వేళ్ళ చివర్లు తెల్లగా ముడుచుకుపోయాయి. వస్తూనే బల్ల మీంచి చేతులు చాపింది. కొడుకు ఎడమచెయ్యి ఒక్కటే ఇచ్చాడు.

"ఆ చెయ్యేదిరా?"

"ఉందిలే అమ్మా."

"ఉందని నాకూ తెలుసు, పైకి తియ్యి."

తియ్యలేదు. ఆమె లేచి, బల్ల చుట్టూ తిరిగొచ్చి, వాడి కుడిచెయ్యి పైకెత్తింది. మణికట్టు వంకాయంత వాచింది, రంగు కూడా వంకాయదే. వాడు పెదవి కొరికిపట్టాడు గానీ కేక వెయ్యలేదు.

"స్నానాల గదిలో జారిపడ్డానమ్మా," అన్నాడు. అప్పజెప్పే పాఠంలా తడుముకోకుండా అన్నాడు.

"పడితే మోకాళ్ళు దోక్కుపోవా? మోచెయ్యి దోక్కుపోదా? ఎవరు కొట్టార్రా? నా పిల్లాణ్ణి ఎవరు కొట్టారు?" ఆమె గొంతు గది కప్పుకి తగిలింది. మిగతా తల్లులంతా తమ పిల్లల చేతులు చూడసాగారు. గోడవారగా ఉన్న జమేదారు ఒక అడుగు ముందుకేశాడు.

సూపర్‌వైజరు ఆయన్ని చేత్తోనే ఆపింది. ఇది తన పని. ఇలాంటి తల్లుల్ని ఆసుపత్రిలో ఎంతమందిని చూసిందో. చెయ్యి డాక్టరుకి చూపించాలి, కానీ ముందు ఈ మనిషి చల్లబడాలి. కుర్రాడి వైపు వంగి, భుజం మీద చెయ్యివేసి, తన గొంతులోకెల్లా మెత్తటి గొంతుతో చెప్పింది.

"నువ్వు భయపడకు నాన్నా. మీ అమ్మకి నేను సర్దిచెప్తాను."

వాడు బెంచీ మీంచి జారి కిందపడ్డాడు. ఆ ఎడమచేత్తోనే ఆవిడ బూటు పట్టుకున్నాడు. "అమ్మకి వద్దు మేడం! అమ్మ ఏం చెయ్యలేదు మేడం! అమ్మకి తెలీక అరిచింది. కావాలంటే నాకే ఇంకోసారి..."

అక్కడ ఆగిపోయాడు. జమేదారు వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

"నీకు ఇంకోసారి ఏంటి?" అనడిగిందావిడ.

తల్లి అరుపు ఆపేసింది. ఆమె కొడుకుని చూడటం లేదు, సూపర్‌వైజరు మొహం చూస్తోంది. అర్థం కావలసింది ఆ తల్లికి ముందే అర్థమైంది. సూపర్‌వైజరుకి ఇంకా కాలేదు.

జమేదారుని దుప్పట్ల గదిలోకి పిలిచింది. అరల నిండా బూడిదరంగు దుప్పట్లు, మూల ఒక నీళ్ళ బక్కెట్టు. తలుపు వేసి అడిగింది. "సర్దిచెప్పడమంటే ఏంటి?"

ఆయన నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు, పెద్దవాళ్ళు చిన్న ప్రశ్నలడిగితే నవ్వే మర్యాద నవ్వు. "అదేంటమ్మా, కొత్తగా అడుగుతారు?"

"అడుగుతున్నాను. చెప్పండి."

"ఏముందమ్మా. ఇదిగో, ఇక్కడే కింద కూర్చోమంటాం. చొక్కా వెనకనుంచి లాగి తలమీద ముసుగేసుకోమంటాం. ఎవరి చెయ్యో వాళ్ళకి తెలీకూడదు కదా. తువ్వాలు తడిపి ముడేసి, వీపు మీదే. మచ్చ పడదు. ఎముకల జోలికి పోం. మొన్న మా పొడుగ్గాడికి చేతివాటం ఇంకా కుదర్లేదు, వాడేమో వెనక్కి చెయ్యి అడ్డం పెట్టాడు. లేకపోతే ఏమీ అయ్యేది కాదు."

"నేను చెప్పింది... నాలుగు మంచి మాటలు చెప్పమని."

"అలాగైతే మాట్లాడమని అంటారు కదమ్మా." జమేదారు మొహంలో నిజంగానే ఆశ్చర్యం కనిపించింది. "మీకు ముందున్న సారూ ఇలాగే అనేవారు, ఆయనకి ముందాయనా ఇలాగే. కొట్టమని ఏ ఆఫీసరైనా నోటితో అంటాడా? మీరొచ్చిన మొదటివారమే ఆ మాటన్నారు. నేనే మావాళ్ళతో అన్నా. ఆవిడ ఆసుపత్రి నుంచొచ్చారు గానీ, మన మనిషేరా అని."

ఆవిడ దుప్పట్ల అర పట్టుకుని నిలబడింది. ఒక్కొక్కళ్ళూ కళ్ళముందుకొచ్చారు. రొట్టెముక్క దాచుకున్నవాడు. చివరిగదిలో కొట్టుకున్న ఇద్దరు. వచ్చిన కొత్తలో, పక్క తడుపుకుని సిగ్గుతో మంచం కిందికి దూరిన పిల్లాడొకడున్నాడు. వాణ్ణి చూసి జాలేసి, 'పాపం, చచ్చేంత సిగ్గుపడుతున్నాడు, సర్దిచెప్పండి' అని ఆవిడే అంది. మర్నాడు ఆ పక్క పొడిగా ఉందని విని సంతోషించింది కూడా.

బక్కెట్టులోనే వాంతి చేసుకుంది. జమేదారు కంగారుపడి భుజం మీది తువ్వాలు తీసి అందించాడు. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు.

గృహం మొత్తానికి పెద్దయిన సూపరింటెండెంటు, రేపు చూద్దాం, పసుపు పట్టు వెయ్యమనండి అన్నా వినకుండా ఆవిడ కుర్రాణ్ణి వ్యానెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. తల్లి కూడా ఎక్కింది. ఎముక చిట్లిందన్నాడు డాక్టరు. కట్టు గట్టిపడేదాకా ముగ్గురూ బయట బెంచీ మీద కూర్చున్నారు. కుర్రాడు కట్టు మీద గోటితో కొట్టి చప్పుడు వింటున్నాడు. తల్లి ఒక్కటే అడిగింది.

"వీణ్ణి మళ్ళీ అక్కడికే తీసుకెళ్తారా?"

తీసుకెళ్ళాలి. కేసు తేలేదాకా వాడుండాల్సింది అక్కడే. విచారణ పెట్టినా, పెట్టకపోయినా, ఎవరి ఉద్యోగం పోయినా, ఉన్నా, పొద్దున్నే ఆ మంచం కాళ్ళదగ్గర చేతులు చాపి నిలబడాల్సింది వాడే.

ఇల్లు చేరేసరికి అక్కడా ఏడుపే. కూతురు రిబ్బను కోసం తమ్ముడితో కొట్లాడి, మంచం మీద బోర్లాపడి ఎక్కిళ్ళు పెడుతోంది. భర్త టైలరు. మిషను మీంచి తలెత్తకుండానే అన్నాడు. "నువ్వు అలిసిపోయొచ్చావు, మొహం కడుక్కో. దానికి నేను సర్దిచెప్తాలే."

"దాని జోలికెళ్ళకు!"

మిషను ఆగిపోయింది. కూతురి ఏడుపూ ఆగిపోయింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ గొంతు ఆ ఎత్తున వినలేదు ఆ మనిషి. గుడ్డ అలాగే పట్టుకుని, "నేనేమన్నానే?" అన్నాడు.

ఆవిడ గడప మీద కూర్చుని భోరున ఏడ్చింది. కూతురే లేచొచ్చి పక్కన కూర్చుంది.

బొంగరం తల్లి పై అధికారులకి ఫిర్యాదు పంపింది. విచారణకి మనిషొస్తున్నాడని తెలిసి సూపరింటెండెంటు ఆవిణ్ణి తన గదికి పిలిచి, కుర్చీ చూపించాడు. ఎప్పుడూ కుర్చీ చూపించే రకం కాదు.

"మీరేం భయపడకండి. అబద్ధమాడమని నేను చెప్పను. మీరు ఏ మాటన్నారో ఆ మాటే చెప్పండి, చాలు. సర్దిచెప్పమన్నారు. అందులో తప్పేముంది? ఎవర్నైనా నిఘంటువు తీసి చూసుకోమనండి. కుర్రాడు తనే పడ్డానంటున్నాడు. మరీ లాగితే, పొడుగ్గాడు మీ మాట దాటి చెయ్యి చేసుకున్నాడంటాం. కొత్తవాడు, పోతే పోతాడు."

"తర్వాత?"

"తర్వాత ఏముంది? మామూలే."

ఆవిడ లేచి వచ్చేసింది. అబద్ధమాడమంటే ఛీ అనొచ్చు. ఈయన నిజమే చెప్పమంటున్నాడు. ఆ నిజం చెబితే ఆవిడ ఒంటికి మట్టంటదు, పొడుగ్గాడి మెడకి చుట్టుకుంటుంది, దుప్పట్ల గదిలో బక్కెట్టు బక్కెట్టులాగే ఉంటుంది. చెప్పకపోతే తన ఉద్యోగం పోతుంది. భర్త మిషను ఒక్కటే ఇల్లు లాగలేదు. ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

విచారణకొచ్చినాయన మంచివాడే. తల నెరిసిన మనిషి. కుర్రాణ్ణి ముందు స్టూలు మీద కూర్చోబెట్టించాకే తను కూర్చున్నాడు. గోడవారగా జమేదారు, పొడుగ్గాడు. బల్ల చివర గుమాస్తా టైపు కొడుతున్నాడు.

"ఎలా తగిలింది బాబూ?"

"స్నానాల గదిలో పడ్డాను సార్."

పొడుగ్గాడు నీళ్ళు నమిలి, పడ్డాడు సార్ అన్నాడు. జమేదారు నమలకుండానే అన్నాడు. ఆవిడ వంతు వచ్చింది.

"ఆ సాయంత్రం వెళ్తూ మీ స్టాఫుకి ఏం చెప్పి వెళ్ళారు?"

"కొట్టమని చెప్పాను."

టైపు చప్పుడు ఆగింది. సూపరింటెండెంటు కుర్చీలో ముందుకి వంగాడు. విచారణాధికారి కళ్ళజోడు తీసి, ఆవిణ్ణి మామూలు కళ్ళతో చూశాడు. "ఆ మాటే అన్నారా?"

"అన్న మాట వేరు. ఇక్కడ దాని అర్థం అదే."

"అన్న మాటేంటి?"

"సర్దిచెప్పమన్నాను."

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. "హమ్మయ్య. భయపెట్టారమ్మా. అది మంచి మాటే కదా."

"బయట మంచి మాటే సార్. ఇక్కడ ఆ మాటంటే పిల్లల్ని దుప్పట్ల గదిలో కూర్చోబెట్టి తడి తువ్వాలుతో కొడతారు. నాకు తెలీదు. తెలీక అన్నాను, చాలామంది పిల్లల విషయంలో అన్నాను. వాళ్ళు తిన్న దెబ్బలు నా నోటి నుంచే వెళ్ళాయి. పొడుగ్గాడు నా మాట దాటలేదు, నా మాట ప్రకారమే చేశాడు. అలాగే రాయండి."

పొడుగ్గాడు తలెత్తి ఆవిణ్ణి చూశాడు. ఏదో అనబోయి, పక్కనున్న జమేదారు దగ్గడంతో మానుకున్నాడు.

"మేడంగారికి వారం నుంచీ నిద్రల్లేవు సార్," అన్నాడు సూపరింటెండెంటు బాధగా. "పిల్లలున్న మనిషి. మనసుకి బాగా పట్టించుకున్నారు."

అధికారి జమేదారు వైపు తిరిగాడు. "ఏమయ్యా, ఆవిడ చెప్పేది నిజమేనా?"

"ఎక్కడి మాటలు సార్. సర్దిచెప్పడమంటే సర్దిచెప్పడమే."

అధికారి ఆవిణ్ణి చూశాడు, కుర్రాడి కట్టు చూశాడు, గోడవారగా ఉన్న ముసలి జమేదారు చేతులు కట్టుకుని నిలబడ్డ తీరు చూశాడు. ఇంతటి పెద్దమనిషి పిల్లల్ని కొడతాడా అని ఆయన మొహమే అడుగుతోంది. గుమాస్తాకి, పడటం వల్ల అని కొట్టమని సైగ చేసి, కాగితాలు సర్దుకుంటూ లేచాడు. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి ఆయన మనసు కూడా కరిగినట్టుంది. సూపరింటెండెంటుతో గొంతు తగ్గించి అన్నాడు.

"ఆవిడ బాగా కలత పడ్డారు. రోజూ కలిసి పనిచేసేవాళ్ళు మీరు. ఆవిడకి కాస్త సర్దిచెప్పండి."

అలవాటుకొద్దీ జమేదారు చెయ్యి భుజం మీది తువ్వాలు మీదికి పోయింది. తెలియగానే దింపేశాడు. అధికారి అది చూడలేదు. ఆయన చూస్తున్నది స్టూలుని. అది కిర్రుమంది.

బొంగరం స్టూలు దిగి, ఎవరినీ చూడకుండా, గదికి అడ్డంగా నడిచి వచ్చాడు. సూపర్‌వైజరు కుర్చీకి ముందు, గచ్చు మీద వీపు ఆవిడ వైపు పెట్టి కూర్చున్నాడు. మోకాళ్ళు దగ్గరికి తీసుకున్నాడు. ఎడమచెయ్యి వెనక్కి పోనిచ్చి చొక్కా అంచు దొరకబుచ్చుకుని తలమీదికి లాగాడు. కట్టున్న చెయ్యి దగ్గర చొక్కా పట్టేసింది. తంటాలు పడి, మెలితిప్పి, దాన్నీ లాగి ముసుగు పూర్తిచేశాడు. జమేదారు చెప్పింది నిజమే, ఆ బక్క వీపు మీద ఒక్క మచ్చ కూడా లేదు. కట్టున్న చేతిని మాత్రం ఈసారి జాగ్రత్తగా ఒళ్ళోకి దాచుకున్నాడు.

"మేడంకి వద్దు సార్," అన్నాడు లోపల్నుంచి.

"ఏంటి బాబూ? ఏం వద్దు?" అధికారికి ఏమీ పాలుపోలేదు. కాగితాలు బల్లమీద పెట్టి, మోకాళ్ళ మీద చేతులానించి వాడి దగ్గరగా వంగాడు. "నేనేమన్నాను?"

ముసుగులోంచే వాడు మర్యాదగా జవాబు చెప్పాడు.

"సర్దిచెప్పమన్నారు సార్."